నీరు పల్లమెరుగు, కంప్యూటరుకీ అంతే ఎరుక

వికారాబాదు పక్కన అనంతగిరి గుట్టలున్నాయి కదర్రా, ఈసారి వానాకాలంలో వెళ్ళినప్పుడు గుడీ అడవీ ఫొటోలూ అన్నీ అయ్యాక కాసేపు నిలబడి నీళ్ళు ఎటు పోతున్నాయో చూడండి. తూర్పు వాలు మీద పడ్డ చినుకు మూసీ దారి పడుతుంది. గండిపేట చెరువులోకి వచ్చి, హైదరాబాదు నడిబొడ్డున నడిచి, భువనగిరి, సూర్యాపేట వైపులు తిరిగి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పడమటి వాలు మీద పడ్డ చినుకు కాగ్నా నదిలో పడుతుంది. అది తాండూరు మీదుగా కర్ణాటకలోకి పోయి, భీమలో కలిసి, భీమతో పాటు కృష్ణలోకి దిగి, జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్ అన్నీ దాటుకుని చివరికి అదే వాడపల్లికి వస్తుంది. ఒకే మబ్బులోంచి పక్కపక్కనే రాలిన రెండు చినుకులు! ఒకటి పక్క రాష్ట్రం పోయి మూడు డ్యాములు చూసి వచ్చింది, రెండోది గండిపేట మీదుగా వచ్చేసింది. రెండింటినీ విడదీసింది గుట్ట నడినెత్తిన ఉన్న, కంటికి కనబడని ఒక గీత.

ఆ గీతకు ఇటు పడ్డ నీరంతా ఒక ఏటికి, అటు పడ్డదంతా ఇంకో ఏటికి. ఒక ఏటికి నీరిచ్చే నేలంతా దాని పరీవాహక ప్రాంతం. ఇప్పటివాళ్ళు వాటర్‌షెడ్ అంటున్నారు, నాకు ఏదైనా ఒకటే. పాతకాలం ఇంజనీర్లు సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు బల్ల మీద పరుచుకుని, కాంటూరు గీతలు చూసుకుంటూ, మిట్టల వెంబడి పెన్సిలుతో ఆ గీత గీసుకుంటూ వచ్చేవాళ్ళు. ఓ మోస్తరు నదికి వారాలు పట్టే పని. మా మనవరాలు సివిల్ ఇంజనీరింగు చదువుతోంది. మొన్న లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, "తాతయ్యా, మూసీ వాటర్‌షెడ్ మొత్తం వచ్చేసింది చూడు" అంది. వచ్చింది, బాగానే ఉంది. "ఎలా వచ్చిందే తల్లీ?" అన్నాను. "మెనూలో ఉంది, నొక్కాను" అంది. సరే, ఆ నొక్కిన మీటకీ వచ్చిన బొమ్మకీ మధ్య ఏం జరిగిందో ఇవాళ చెప్పుకుందాం. దానికీ చెప్పాను, మీకూ చెబుతాను.

ముందుగా నేల ఎత్తులు కావాలి. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అనే స్పేస్ షటిల్ పదకొండు రోజులు భూమి చుట్టూ తిరిగింది. దానిలో ఒక రాడార్ యాంటెన్నా, పక్కకి చాపిన 60 మీటర్ల పొడవాటి స్తంభం చివర ఇంకో యాంటెన్నా. నేలను తాకి వెనక్కి వచ్చిన అలను రెండూ రెండు చోట్ల నుంచి పట్టుకున్నాయి. వాటి మధ్య వచ్చే చిన్న తేడాలోంచి కింద నేల ఎంత ఎత్తుందో లెక్క కట్టారు. భూమ్మీది నేలలో దాదాపు 80 శాతానికి అలా ఎత్తులు దొరికాయి. మనవాళ్ళేం తక్కువ తినలేదు. 2005 మే 5న శ్రీహరికోట నుంచి కార్టోశాట్-1 ఎగిరింది. దీనిలో రెండు కెమెరాలు, ఒకటి కాస్త ముందుకు, ఒకటి కాస్త వెనక్కి వంచి బిగించారు. ఒకే గుట్టను రెండు కోణాల నుంచి తీసిన ఫొటోలను పోల్చి ఎత్తులు రాబట్టారు. హైదరాబాదు బాలానగర్‌లో ఉన్న ఎన్‌ఆర్‌ఎస్‌సీ సంస్థ ఆ ఎత్తుల పటాన్ని కార్టోడెమ్ పేరుతో భువన్ వెబ్‌సైటులో ఉచితంగా పెట్టింది.

పటం అన్నాను కదా అని కొండలూ లోయలూ గీసిన బొమ్మ అనుకోకండర్రా. అది ఉత్త అంకెల పట్టిక. 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు ఉన్న గడులు. గడికో అంకె, అది ఆ చోటి ఎత్తు. ఒక్కో గడి 900 చదరపు మీటర్లు, అంటే తెలంగాణ లెక్కలో తొమ్మిది గుంటలు, ఆంధ్ర లెక్కలో 22 సెంట్లు. మూసీ పరీవాహకం సుమారు 11 వేల చదరపు కిలోమీటర్లు కాబట్టి దానికి కోటీ ఇరవై లక్షల గడులు కావాలి. ఇన్ని గడుల్లో ఎక్కడా మూసీ అనే పేరు ఉండదు. వాగూ లేదు, చెరువూ లేదు, ఊరూ లేదు. ఎత్తులు తప్ప ఇంకేమీ లేవు.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు కదా పెద్దలు. సాఫ్ట్‌వేర్‌కి ఈ సామెతలో మొదటి సగమే నేర్పారు. ప్రతి గడి దగ్గరా ఆగి, చుట్టూ ఉన్న ఎనిమిది గడులను చూసి, ఎటువైపు వాలు ఎక్కువగా ఉందో అటు బాణం గీస్తుంది. దిక్కులు ఎనిమిది కాబట్టి దీన్ని డీ8 పద్ధతి అంటారు. 1984లో ఓకాలహన్, మార్క్ అనే ఇద్దరు దీన్ని రాసిపెట్టారు. ఇందులో ఒక చమత్కారం ఉంది, చూడండి. మన గడి ఎత్తు 612 మీటర్లు అనుకుందాం. తూర్పు గడి 610, ఆగ్నేయం గడి 609.5. నీరు ఎటు పోతుంది? మనవరాలు తడుముకోకుండా "ఆగ్నేయానికి, అదే కదా పల్లం" అంది. కాదు. తూర్పు గడి నడిమికి దూరం 30 మీటర్లు, మూలగడి నడిమికి 42.4 మీటర్లు. తూర్పున మీటరుకు 6.7 సెంటీమీటర్లు దిగుతుంది, మూలకి 5.9 సెంటీమీటర్లే. కాబట్టి బాణం తూర్పుకే. పల్లం ఎంతుందన్నదే కాదు, ఎంత దూరంలో ఉందన్నదీ లెక్కలోకి వస్తుంది.

కోటీ ఇరవై లక్షల బాణాలు గీశాక అసలు పని మొదలవుతుంది. ప్రతి గడి చేతిలో ఒక రూపాయి పెట్టామనుకోండి. ఒకటే షరతు: తన రూపాయినీ, పైవాళ్ళు తన చేతిలో పెట్టినదంతా కలిపి, బాణం చూపించిన ఒక్క గడికే ఇచ్చేయాలి. గట్టు మీది గడికి ఇచ్చేవాళ్ళెవరూ లేరు, దానిది రూపాయి బేరమే. కాస్త కిందున్న దానికి పదో పాతికో చేరతాయి. లోయలో ఉన్నదానికి వేలు. వాడపల్లి దగ్గరి గడి చేతిలో కోటీ ఇరవై లక్షలు! ఇప్పుడు వెయ్యి రూపాయలకు పైన చేరిన గడులన్నిటికీ నీలం రంగు వేయమని చెప్పండి. మూసీ, దాని ఉపనది ఈసీ, వాటిలో కలిసే వాగులూ వంకలూ అన్నీ కొమ్మలతో సహా తెర మీద లేచి నిలబడతాయి. ఎవరూ నది గీయలేదు, పేరు కూడా చెప్పలేదు, అయినా నది వచ్చింది. ఇన్నేళ్ళొచ్చినా ఇది చూసినప్పుడల్లా నాకు ముచ్చటగానే ఉంటుంది.

ఆ వెయ్యి ఎక్కడినుంచి వచ్చిందని అడగాలి మీరు. వెయ్యి గడులంటే 0.9 చదరపు కిలోమీటరు. వంద అని పెడితే తొమ్మిది హెక్టార్లకే వాగు మొదలైపోతుంది, తెర నిండా సన్నని నీలం గీతలు అల్లుకుంటాయి. పది వేలు పెడితే పెద్ద వాగులు తప్ప ఏమీ మిగలవు. ఏది నిజం? నీరు ఇంకిపోయే ఇసుక నేలలో వాగు పుట్టడానికి చాలా మేర కావాలి, బండ నేలలో కొద్ది మేరకే పుడుతుంది. ఈ సంఖ్యను లెక్క చెప్పదు, మనిషే చెప్పాలి. మంచి పద్ధతి ఏమిటంటే టోపోషీటులో సర్వేవాళ్ళు నీలంగా చూపిన వాగులు ఎక్కడ మొదలయ్యాయో చూసి, దానికి సరిపోయేదాకా సంఖ్య మార్చుకోవడం. మెనూలో ముందే ఇచ్చిన అంకెను అలాగే ఉంచి రిపోర్టులు రాసేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో చేరకండి.

వాగులకు తరగతులూ ఉన్నాయి. పైన ఏ వాగూ కలవనిది ఒకటో తరగతి. రెండు ఒకటో తరగతి వాగులు కలిస్తే రెండోది, రెండు రెండోవి కలిస్తే మూడోది. రెండో తరగతి వాగులో ఒకటో తరగతిది వచ్చి కలిస్తే మాత్రం ప్రమోషన్ లేదు, రెండే ఉంటుంది. 1950లలో స్ట్రాలర్ అనే అమెరికా భూశాస్త్రజ్ఞుడు పెట్టిన లెక్క ఇది.

ఇక వాటర్‌షెడ్. నీళ్ళు ఏ చోటికి చేరాలో ఆ చోటు మీద నొక్కాలి, గండిపేట కట్ట అనుకోండి. సాఫ్ట్‌వేర్ అక్కడినుంచి బాణాలను వెనక్కి ఎక్కుకుంటూ పోయి, ఆ గడికి రూపాయి పంపినవాళ్ళందరినీ పట్టుకుంటుంది. వాళ్ళందరి చుట్టూ గీసిన గీతే మనకు కావలసిన గీత. ఇక్కడే కొత్తవాళ్ళు బోల్తా పడతారు. ఏటి గడి మీద కాకుండా ఒక్క గడి పక్కన నొక్కారంటే, సుమారు 740 చదరపు కిలోమీటర్ల గండిపేట వాటర్‌షెడ్డుకి బదులు ఒడ్డు మీది ఏ నాలుగెకరాల చెలకో వస్తుంది. అందుకే నొక్కిన చోటుని దగ్గర్లోని పెద్ద ప్రవాహం మీదికి జరిపే సదుపాయం కూడా వీటిలో ఉంటుంది. మూసీ విషయంలో ఇంకో తమాషా ఉంది. మీటర్లలో కొలవడానికి భూగోళాన్ని నిలువు పట్టీలుగా కోశారు. 78 డిగ్రీల రేఖాంశం దగ్గర ఒక పట్టీ అయిపోయి ఇంకోటి మొదలవుతుంది. ఆ రేఖ వికారాబాదుకీ హైదరాబాదుకీ మధ్యనుంచి పోతుంది. అంటే మూసీ పుట్టింది 43వ పట్టీలో, పెరిగింది 44లో. మొత్తాన్నీ 44లో పెట్టి లెక్కేసుకుంటే సరిపోతుంది. పెట్టకుండా డిగ్రీల్లోనే వదిలేస్తే మాత్రం వాలులన్నీ తప్పులతడకలవుతాయి.

ఇంతా చేసి ఆ గీత ఎందుకు? గండిపేటనే తీసుకోండి. 740 చదరపు కిలోమీటర్ల మీద పది సెంటీమీటర్ల వాన పడితే ఏడు కోట్ల నలభై లక్షల ఘనపు మీటర్ల నీరు, అంటే 2.6 టీఎంసీలు. సగం నేలలో ఇంకినా 1.3 టీఎంసీలు కట్ట దగ్గరికి వస్తాయి. గండిపేట మొత్తం పట్టేది 3.9 టీఎంసీలు. చెరువు అప్పటికే ముప్పాతిక మీద ఉంటే గేట్లు ఎత్తాలి. గీత తెలియకపోతే ఈ లెక్కే లేదు.

మన పెద్దలకి ఇది తెలియదనుకోకండి. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర యువరాజు భాస్కరుడు, భవదూరుడని కూడా అంటారు, ఆ చెరువు కట్టించాడు. మంచి చెరువుకి కావలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కించాడు. పన్నెండు అంగాల్లో నీటిశాస్త్రం తెలిసిన మనిషి కూడా ఒకటి. ఆరు దోషాల్లో రెండు చూడండి: నీళ్ళు తక్కువై తడపాల్సిన నేల ఎక్కువ కావడం, నీళ్ళు ఎక్కువై నేల తక్కువ కావడం. ఎగువనుంచి ఎంత నీరు వస్తుందో తెలియనివాడు ఈ రెండు దోషాలనూ తప్పించలేడు. ఆరున్నర శతాబ్దాల కింద ఒక యువరాజు రాయి మీద రాయించిన షరతు ఇది.

ఇంకో సంగతి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదుని ముంచింది. వేలమంది పోయారు. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన నగరంలో గోడలు ఎక్కడ కట్టాలా అని మొదలుపెట్టలేదు, ఎగువకి చూశారు. నగరానికి పైన మూసీ పరీవాహకం 862 చదరపు మైళ్ళు, అంటే 2,230 చదరపు కిలోమీటర్లని లెక్క తేల్చారు. అందులో 788 చెరువులున్నాయి, దాదాపు చదరపు మైలుకొకటి. వరదలో వాటిలో 221 తెగాయి. పై చెరువు తెగితే ఆ నీరు కింది చెరువు మీద పడుతుంది, అది తెగి దాని కిందిదాని మీద. గొలుసుకట్టు చెరువుల గొప్పా అదే, ప్రమాదమూ అదే. ఆయన చెప్పిన ఉపాయం ప్రకారం మూసీ మీద ఉస్మాన్ సాగర్, అదే మన గండిపేట, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1920లలో తయారయ్యాయి. ఇవాళ సాఫ్ట్‌వేర్‌లో ఆ రెండు కట్టల మీదా నొక్కితే ఒకటి సుమారు 740, రెండోది 1,300 పైచిలుకు చదరపు కిలోమీటర్లు వస్తాయి. కూడితే రెండు వేల పైమాట. చెరువుల నుంచి నగరం దాకా ఉన్న ముక్కని కలుపుకుంటే విశ్వేశ్వరయ్యగారి లెక్కకి దగ్గరగానే వస్తుంది. శాటిలైటు లేకుండా, కంప్యూటరు లేకుండా!

ఇక సామెత రెండో సగం. నిజం దేవుడెరుగు అన్నారు గదా, సాఫ్ట్‌వేర్ ఎరగని నిజాలు బోలెడున్నాయి. అంకెల పట్టికలో ఒక గడి చుట్టూ ఉన్న ఎనిమిదీ దానికంటే ఎత్తుగా ఉంటే బాణం ఎటు గీయాలి? నీరు అక్కడ ఇరుక్కుపోతుంది. చాలాసార్లు అది కొలతలో తప్పు. అందుకని ముందుగానే గుంటలన్నిటినీ అంచుదాకా పూడ్చేస్తారు. 1988లో జెన్సన్, డొమింగ్ అనేవాళ్ళు చెప్పిన వరస ఇది, ఇప్పటికీ చాలా సాఫ్ట్‌వేర్లది ఇదే దారి. కానీ అన్ని గుంటలూ తప్పులు కావు. మహారాష్ట్రలో ఉల్క పడి ఏర్పడ్డ లోణార్ సరస్సు ఉంది. నీరు లోపలికి వస్తుందే గాని బయటికి పోయే దారి లేదు. గుంటలు పూడ్చే మీట నొక్కితే కంప్యూటరు దాన్ని కూడా నింపేసి లేని వాగు ఒకటి పారిస్తుంది. మన ఊళ్ళలో అయితే చెరువులే గుంటలు. కంప్యూటరు చెరువుని నింపి, కట్టలో అందరికంటే పల్లంగా ఉన్న గడి మీదుగా నీరు వదిలేస్తుంది. అసలు అలుగు కట్టకి ఇంకో కొసన ఉండొచ్చు. అలుగు నీళ్ళు ఏ వాగులోకి పోతాయో ఊళ్ళో నీరటికాడిని అడిగితే చెబుతాడు, పట్టిక చెప్పదు.

వంతెనలూ అంతే. రాడార్‌కి వంతెన పైభాగమే కనబడుతుంది, కింద పారే నీరు కనబడదు. కాబట్టి రోడ్డు కట్ట ఏటికి అడ్డంగా కట్టిన గోడైపోతుంది. దీనికి విరుగుడుగా టోపోషీటులో ఉన్న ఏటి గీత వెంబడి గడుల ఎత్తుని కొన్ని మీటర్లు తగ్గించి దారి కోస్తారు. చెట్లది ఇంకో గొడవ. ఆ రాడార్ అల దట్టమైన ఆకుల్ని దాటి నేలదాకా పోలేదు, చెట్ల పైభాగాన్నే నేల అనుకుంటుంది. కోనసీమలో కొబ్బరి తోట ఒక దిబ్బగా తేలుతుంది.

కోనసీమ అన్నాను కాబట్టి గోదావరి డెల్టా దగ్గర ఆగుదాం, ఎందుకంటే డీ8 పద్ధతి చేతులెత్తేసేది అక్కడే. కిలోమీటరు నడిచినా అడుగైనా దిగని నేలలు అవి. ఎత్తుల పటంలో తప్పేమో మీటర్లలో ఉంటుంది. ఇక బాణాలు ఎటు చూపిస్తే అటే. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠ అని చీలిపోతుంది. డీ8లో ఒక గడి ఇంకొక్క గడికే ఇవ్వాలని షరతు కదా, నదులు కలవడమే దానికి తెలుసు, విడిపోవడం తెలియదు. కాబట్టి రెండు పాయల్లో ఒకటి ఎండిపోతుంది, తెర మీద. 1997లో టార్బొటన్ అనే ఆచార్యుడు నీటిని రెండు గడులకి పంచే పద్ధతి చెప్పాడు. అది కొండవాలులకు బాగా పనికొస్తుంది గాని నదిని రెండు పాయలుగా చీల్చలేదు. కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తి చేశాక వచ్చిన కాలువలు ఇంకో ముచ్చట. పొలాలకి నీరు దానంతటది దిగాలని పంట కాలువలు మిట్ట మీదనుంచి తవ్వారు. పల్లంలో పోయేవి మురుగు కాలువలు. సాఫ్ట్‌వేర్ మురుగు కాలువల్ని కొంతవరకు పట్టుకుంటుంది. పంట కాలువల్ని మాత్రం నీటిని విడదీసే గట్లుగా చూపిస్తుంది! అక్కడి రైతుకి ఇది చూపిస్తే నవ్వుతాడు.

నగరాల మాట చెప్పి ముగిస్తాను. గండిపేట, హిమాయత్ సాగర్ జంట చెరువుల్ని కాపాడడానికి 1996లో 111 జీవో తెచ్చారు. చెరువు నుంచి పది కిలోమీటర్ల పరిధి, 84 గ్రామాలు. ఉద్దేశం మంచిదే. దాని చుట్టూ తర్వాత నడిచిన రాజకీయం జోలికి నేను పోను. నాకున్న పేచీ ఆ పది కిలోమీటర్లతోనే. గండిపేటకి నీరు 40 కిలోమీటర్లకు అవతల, అనంతగిరి నుంచి వస్తుంది. అదే సమయంలో పది కిలోమీటర్ల లోపలే, కట్టకి దిగువన ఉండి ఒక్క చుక్క కూడా చెరువులోకి పంపని నేలా ఉంటుంది. దూరం చూసి గీసిన హద్దు నీటికి తెలియదు. అప్పట్లో ఈ ఎత్తుల పటాలు చేతిలో లేవు, ఒప్పుకుంటాను. ఇప్పుడున్నాయి కాబట్టి ఇకమీద ఏ చెరువుకి హద్దు గీసినా వాటర్‌షెడ్ గీత వెంబడే గీయాలి.

2020 అక్టోబరులో హైదరాబాదు కాలనీలు మునిగినప్పుడు చాలామంది, ఇక్కడికి నీళ్ళెలా వచ్చాయని ఆశ్చర్యపోయారు. 30 మీటర్ల గడి మూడు మీటర్ల నాలాని చూడలేదు. కాలనీ గోడలూ భూగర్భ పైపులూ దానికి అసలే తెలియవు. కానీ పాత వాగు ఏ వరసలో దిగేదో మాత్రం చెబుతుంది. స్థలం కొనేముందు ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ తీస్తారు, వాస్తు చూపిస్తారు, లింకు డాక్యుమెంట్లు ముప్పై ఏళ్ళ వెనక్కి తిరగేస్తారు. ఇంకొక్క గంట పెట్టండర్రా. భువన్‌లో కార్టోడెమ్ ఉచితం, క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేరూ ఉచితమే. మీ ప్లాటు మీద నొక్కి, ఎగువనుంచి ఎన్ని గడుల నీరు దాని మీదికి వస్తోందో చూడండి. ఆ తర్వాత చెప్పులేసుకుని ఆ వాగు వెంబడి నడిచి రండి. రెండూ ఇక్కడికి నీళ్ళు రావని చెబితేనే అడ్వాన్సు ఇవ్వండి.